తవాలేవు దీవిలో బయోస్ ఉత్సవం

కొత్త సహస్రాబ్ది తొలి కిరణం పడబోయే తవాలేవు దీవిలో ఉన్న కంప్యూటర్లన్నింటినీ, నూటికి నూరు శాతం, డిసెంబరు నెలాఖరులోగా సరిదిద్ది తీరతామని సహస్రాబ్ది వ్యవహారాల మంత్రి రాతూ నెమానీ గారు రేడియోలో మూడు భాషల్లో ప్రకటించారు. ప్రపంచంలో ఏ దేశమూ ఇంత ధైర్యం చేయలేదని కూడా ఆయనే చెప్పారు. తవాలేవులో ఉన్న కంప్యూటర్ ఒక్కటే.

ఆ ఒక్కటీ ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ వసితి బల్ల మీద ఉండేది. దీవిలో రోజూ ఇన్సులిన్ సూది పొడిపించుకునేవాళ్ళు పదకొండు మంది. వాళ్ళ పేర్లూ వయసులూ కంప్యూటర్ అచ్చేస్తుంది, కింద మంత్రిత్వ శాఖ ముద్ర కూడా అదే వేస్తుంది, ఆ కాయితం మంగళవారం పడవలో సువాలోని మందుల గిడ్డంగికి వెళ్తుంది, తర్వాతి మంగళవారం మంచు పెట్టెలో మందు వస్తుంది. కాయితం లేకపోతే పెట్టె లేదు. పద్ధతంటే పద్ధతే.

డిసెంబరు ఇరవై తొమ్మిదిన మంత్రిగారు ప్రభుత్వ పడవలో దిగారు. వెంట కార్యదర్శి అపోరోసా, లంబాసా నుంచి టెక్నీషియన్ మున్సామి. బయోస్ అప్‌డేట్ ఉన్న ఫ్లాపీని పూల చాప మీద పెట్టి ఇద్దరు పోలీసులు మోసుకొచ్చారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. అంత చిన్న వస్తువుకు అంత పెద్ద చాప పట్టడం ఆ దీవిలో అదే మొదటిసారి.

"ఇంతకీ ఈ బయోస్ అంటే ఏంటయ్యా?" అని వసితి మున్సామిని అడిగింది.

"కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు లేచేది అదే, సిస్టర్. ఇవాళ ఏ తేదీయో మిగతావాటికి చెప్పేది కూడా అదే. మీ దానికి తొంభై తొమ్మిది దాటితే లెక్క రాదు. పందొమ్మిది వందల సంవత్సరం అనేస్తుంది."

"అంటే?"

మున్సామి తేదీ ముందుకు జరిపి చూపించాడు. జాబితాలో మొదటి పేరు ఊరి పెద్ద ఫిలిమోనేది. దీవిని ఏలే దొర తరఫున సభలో మాట్లాడేది, మర్యాదలు చూసేది ఆయనే. కంప్యూటర్ ఆయన పేరు కొట్టేసింది.

"ఇంకా ముప్పై ఒక్క ఏళ్ళకు గానీ మీరు పుట్టరట మావయ్యా" అంది వసితి, పక్కనే నిలబడ్డ ఆయనతో. "పుట్టనివాళ్ళకు మందివ్వదట."

"మరి ఇన్నాళ్ళూ సూది ఎవరికి పొడిచావమ్మాయ్?" అన్నాడు ఫిలిమోనే. నవ్వాడు గానీ చేయి మాత్రం పొట్ట మీదకు పోయింది.

అప్పుడు మున్సామి ఫ్లాపీ తీసుకుని కంప్యూటర్ ముందు వంగి, అలాగే ఉండిపోయాడు. ఫ్లాపీ పెట్టాల్సిన నోటికి ఇనప రేకు బిగించి, దాని మీద లక్క ముద్ర వేసి ఉంది.

"డ్రైవు ఏదండీ?"

వసితి గోడ మీది సర్క్యులర్ చూపించింది. రెండేళ్ళ కిందట ఏదో దీవిలో ఏదో నర్సు ఫ్లాపీలో పేకాట తెచ్చుకుని ఆడిందట. దాంతో దేశంలోని ఆరోగ్య కేంద్రాలన్నింటిలో ఫ్లాపీ డ్రైవులు పీకించి, గోనెసంచుల్లో సువాకు తెప్పించారు. అడుగున సంతకం రాతూ నెమానీ గారిదే.

మంత్రిగారు తన సంతకాన్ని చాలాసేపు చూశారు. బాగుందనే అనుకుని ఉంటారు.

"రేకు పీకొచ్చా సర్?" అన్నాడు మున్సామి.

"ప్రభుత్వ ముద్రయ్యా అది! దాన్ని పీకాలంటే కేబినెట్‌కు వెళ్ళాలి."

"మరి ఫ్లాపీ ఎక్కడ పెట్టాలి సర్?"

"ఫ్లాపీ డ్రైవు లేకుండానే అప్‌డేట్ చేస్తాం" అన్నారు మంత్రిగారు లేచి నిలబడి. "అదే మన విధానం. అపోరోసా, రాసుకో. ఫ్లాపీ డ్రైవు లేకుండా బయోస్ మార్చిన మొదటి దేశం మనది."

కార్యదర్శి రాసుకున్నాడు. ఫ్లాపీని కంప్యూటర్ మీద పెట్టి ప్రార్థన చేస్తే సరిపోతుందేమోనని నెమ్మదిగా ఒక సూచన కూడా చేశాడు. మున్సామి అతణ్ణి పక్కకు తీసుకెళ్ళాడు.

"సర్, నా సంచిలో నా సొంత డ్రైవు ఉంది. రేకు జోలికి పోను. వెనక మూత విప్పి, తీగ లోపలికి తగిలించి, డ్రైవు బల్ల మీదే పెడతాను."

"అంటే డ్రైవు కంప్యూటర్ లోపల ఉండదు?"

"ఉండదు. పక్కన ఉంటుంది."

"లోపల లేదు కదా?"

"లేదు సర్."

"లేదనే రాస్తున్నాను. దాని మీద తువాలు కప్పు."

మున్సామి తువాలు కప్పాడు. "ఒక్కటే మాట సర్. నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ కరెంటు పోకూడదు. మధ్యలో పోతే పాత బయోసూ ఉండదు, కొత్తదీ ఉండదు. ఇక లేవదు."

"జనరేటర్‌లో డీజిల్ పీకలదాకా ఉంది" అన్నాడు కార్యదర్శి. "కానీ నువ్వు ఇప్పుడే మొదలుపెట్టకూడదు. పది నలభైకి మంత్రిగారు యంగోనా గిన్నె ఎత్తుతారు. పది నలభైకే అప్‌డేట్. కార్యక్రమ పత్రంలో రెండూ ఒకే వరుసలో అచ్చయ్యాయి."

వరండాలో చాపలు పరిచారు. పెద్ద అతిథులకు మర్యాదగా ఇచ్చే యంగోనా పానీయం కోసం ఆ వేరు పొడిని చెక్క తొట్టి నీళ్ళలో పిసికి, కలిపారు. మంత్రిగారు మధ్యలో, వసితి ఆడవాళ్ళ వరుసలో, ఫిలిమోనే తొట్టి పక్కన. మంత్రిగారిలాంటి దొరల చేతికి గిన్నె వెళ్ళేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు, దగ్గు వచ్చినా మింగాలి. తవాలేవులో పసిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. జనరేటర్‌కు మాత్రం తెలియదు. అది కేంద్రం వెనక డబడబమని కొట్టుకుంటూనే ఉంది.

గిన్నె నిండింది. లోపల మున్సామి మీట నొక్కడం కిటికీ తెరలోంచి వసితికి కనబడింది. ఫిలిమోనే మొహం చిట్లించాడు. అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో ఆయన ఏ దొర గిన్నెనూ రొద మధ్య అందించలేదు. వెనక కూర్చున్న మనిషికి కళ్ళతో సైగ చేశాడు. ఆ మనిషి నడుం వంచి, పాక్కుంటూ, మహా గౌరవంగా వెళ్ళి జనరేటర్ ఆపాడు.

ఎంత చక్కటి నిశ్శబ్దం! సముద్రం కూడా వినబడింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

నాలుగు నిమిషాల సంగతి మున్సామి వసితికీ చెప్పి ఉన్నాడు. అరవాలనిపించింది, లేవాలనిపించింది. తెరలోంచి మున్సామి మొహం కనబడుతోంది. అతనూ అరవలేదు. మంత్రిగారు గిన్నెను తొందరపడకుండా తాగారు. ఆఖరి చుక్క అయ్యాక మూడు చప్పట్లు కొట్టారు. "మాదా!" అన్నారందరూ ఒక్క గొంతుతో. గిన్నె ఖాళీ అని అర్థం.

జనరేటర్ మళ్ళీ మోగింది. కంప్యూటర్ లేవలేదు.

"ఇక లేవదు సర్" అన్నాడు మున్సామి.

కార్యదర్శి పుస్తకం తెరిచాడు. "ఒకటో తారీకున తప్పు తేదీ చూపిస్తుందా?"

"ఏ తేదీ చూపించదండీ."

"తప్పు తేదీ చూపించదు కదా?"

"చూపించదు."

"అది చాలు."

అద్దం కట్టిన సర్టిఫికెట్ ముందే సువాలో అచ్చయి మంత్రిగారితో పాటు వచ్చింది. ఈ కేంద్రంలోని కంప్యూటర్ సహస్రాబ్దికి సంపూర్ణంగా సిద్ధమైందని పైన రెండు వరుసలు, కింద ముద్ర, దాని పక్కన మంత్రిగారి సంతకం, మధ్యలో బెత్తెడు ఖాళీ. మంత్రిగారు దాన్ని స్వయంగా గోడకు కొట్టి, కొబ్బరిపాలలో ఉడికిన చేపా కర్రపెండలమూ తిని, పడవెక్కారు. మున్సామి వెళ్తూ వెళ్తూ వసితి వైపు చూడలేకపోయాడు.

జనవరి ఒకటిన రేడియో చెప్పింది. తవాలేవు దీవిలో ఒక్క కంప్యూటర్ కూడా తేదీ తప్పలేదు. విజయం నూటికి నూరు శాతం.

నాలుగో తారీకు పడవలో వసితి చేత్తో రాసిన జాబితా పంపింది. పదకొండున జాబితా తిరిగొచ్చింది, మందు రాలేదు. ఆమె రేడియో ఫోనులో గిడ్డంగి గుమాస్తాను పట్టుకుంది.

"బాబూ, మా కంప్యూటర్ చచ్చిపోయింది."

"లేదు సిస్టర్, బాగుంది. సర్టిఫికెట్ నకలు నా ముందే ఉంది."

"నేను కంప్యూటర్ ముందే కూర్చున్నానయ్యా!"

"మీరు కంప్యూటర్ ముందున్నారు, నేను ఫైలు ముందున్నాను. చేతిరాత తీసుకునేది కంప్యూటర్ చెడిపోయిన కేంద్రాల నుంచే. మీది చెడిపోలేదు."

"చెడిపోయిందని రాసి పంపనా?"

"పంపండి. చేత్తో మాత్రం రాయకండి, కంప్యూటర్‌లో అచ్చేసి పంపండి."

"నీకు దణ్ణం పెడతాను. ఇంకో వారానికి మించి మందు లేదు. సువాకు తీసుకొద్దామంటే పడవలో పద్నాలుగు గంటలు, వీళ్ళలో నలుగురు మంచమే దిగలేరు."

"నాకు మాత్రం జాలి లేదా సిస్టర్? కాయితం మీద శాఖ ముద్ర కనబడితే చాలు, కళ్ళు మూసుకుని పెట్టె కట్టిస్తాను."

ఫోను పెట్టేసి వసితి ఏడ్చింది. గుమ్మంలో ఫిలిమోనే నిలబడి ఉన్నాడు.

"నేనే చంపాను కదమ్మాయ్?"

"గిన్నె వెళ్తుంటే ఆపారు మావయ్యా. మీరు ఆపకపోతే ఇంకొకరు ఆపేవారు."

"నా సూది మిగతా పదిమందికి సర్దు."

"నోరు మూసుకుని కూర్చోండి" అంది వసితి. పెద్దాయనను ఆమె అంత మాట అనడం అదే మొదలు. కోపంతో తల తిప్పితే గోడ మీద సర్టిఫికెట్ కనబడింది. కాసేపు దాన్నే చూసింది. తర్వాత కుర్చీ ఎక్కి, దించి, అద్దం పగలగొట్టి, స్కేలు పెట్టి, ఆ బెత్తెడు ఖాళీలో పదకొండు పేర్లూ గుండ్రంగా రాసింది. ముద్రా సంతకమూ సరిగ్గా వాటి కిందికే వచ్చాయి. పడవ ఇంకా గట్టునే ఉంది.

పద్దెనిమిదిన మంచు పెట్టె వచ్చింది, దాంతో పాటు మంత్రిత్వ శాఖ ఉత్తరం. మీ జాబితా అందింది. కొత్త బయోస్ వచ్చాక మీ కంప్యూటర్ అక్షరాలు ఎంతో గుండ్రంగా, చదవడానికి హాయిగా ఉన్నాయి. ఈ ఫలితం చూసి మంత్రిగారు మిగిలిన ఇరవై మూడు దీవుల్లోనూ అప్‌డేట్ చేయించబోతున్నారు. తవాలేవు పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించడానికి, సరైన సమయంలో జనరేటర్ ఆపించే ఫిలిమోనే గారిని మంత్రిగారి వెంట పంపగలరు.

వసితి చదవడం ముగించి సూది సిద్ధం చేసింది. ఫిలిమోనే చొక్కా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఆ దీవుల్లో చక్కెర జబ్బు వాళ్ళు ఎంతమంది ఉంటారమ్మాయ్?"

"అన్ని చోట్లా ఉంటారు మావయ్యా."

సూది దిగింది. ఆయన చొక్కా సర్దుకున్నాడు.

"నాకు ఒంట్లో బాగాలేదని, మంచం దిగలేనని రాసెయ్యి. చేత్తో రాస్తే నమ్మరు. కంప్యూటర్‌లో అచ్చెయ్యి."

వసితి స్కేలూ పెన్నూ తీసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.