ఇంట్లో టోను, హాల్లో గోల

కచేరీలో పాట వినపడకపోవడం శ్రోతలకు దొరికిన వరం! గిటార్ అంతా వినపడుతున్నప్పుడు మళ్ళీ పాట కూడా ఎందుకండీ?

మా షిల్లాంగ్‌లో ఇంటికో గిటారిస్టు. మా పక్కింటి కిర్మెన్ అన్న వారిలో మహానుభావుడు. ఆయన ఈమధ్య గిటారుకు కొత్త పికప్‌లు వేయించాడు. పికప్ అంటే తీగల కింద కూర్చుని, వాటి అదురును స్పీకర్‌కు అందించే అయస్కాంతం. ఇంట్లో వాయించి చూపించాడు. ఆహా, ఎంత చిక్కటి నాదం! చేతిలో పాలు పోయని ఎర్ర టీ చల్లారిపోయినా నాకు తెలియలేదు.

ఆ శనివారం మావ్‌లాయ్ హాల్లో కచేరీ. పాడేది వాళ్ళ బ్యాండ్ గాయని డాప్లిన్. పోయిన తండ్రి మీద తనే కట్టుకున్న పాట. వినడానికి వాళ్ళమ్మ మొదటి వరుసలో కూర్చుంది.

డ్రమ్స్, బేస్ గిటార్ అందుకోగానే కిర్మెన్ చిక్కటి నాదం వాటిలో కలిసి మాయమైంది! మామూలు మనిషైతే నాదంలో బరువు తగ్గించి, స్వరం కాస్త పదును చేసుకునేవాడు. కళాకారుడు అలా లొంగిపోతాడా? వాల్యూమ్ పెంచాడు. బేస్ వాయించేవాడూ పెంచాడు. డ్రమ్మర్ పామును కొట్టినట్టు కొట్టాడు. పికప్‌లు కీచుమన్నాయి.

డాప్లిన్ వెనక్కి తిరిగి అరిచింది. "అన్నా, కాస్త తగ్గించు! నా గొంతు నాకే వినపడట్లేదు!"

"తగ్గిస్తే టోన్ పోతుందే తల్లీ!"

నిజమే కదా! పాట పోతే ఇంకోటి కట్టుకోవచ్చు. టోన్ పోతే?

పాట ముగిశాక కిర్మెన్ చెమట తుడుచుకుంటూ నేరుగా ఆ తల్లి దగ్గరకు వెళ్ళాడు.

"ఎలా ఉంది అత్తా?"

"హాలంతా ఊగిపోయింది నాయనా. మా పిల్ల ఏం పాడింది? పెదాలు కదలడం చూశాను. వాళ్ళ నాన్న గురించేనా?"

ఇదే నేను చెప్పే వరం! మాటలు వినపడి ఉంటే ఆవిడ అందరి ముందూ ఏడ్చేది కాదూ?

కిర్మెన్ మాత్రం తప్పు ఎక్కడుందో పట్టేశాడు. పికప్‌లలో! వాటిని పీకించి ఇంకా ఖరీదైనవి వేయించాడు. ఇంట్లో అవి మరీ అద్భుతం. అవి వింటూ నేనక్కడ ఉండగానే డాప్లిన్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రా రా, ముందు ఇది విను!" అంటూ కిర్మెన్ మీటడం మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయి కాసేపు విన్నది. "ఇంట్లో బాగానే ఉంటుంది అన్నా. ఇక్కడ నీతోపాటు ఇంకెవరూ పాడరుగా! నేను ఇంక బ్యాండ్‌లో ఉండను. మా అమ్మకు వినపడేలా ఎక్కడో ఒకచోట పాడుకుంటాను," అని వెళ్ళిపోయింది.

ఎంత పొగరు! నా ఒళ్ళు మండిపోయింది. కిర్మెన్ మాత్రం కోపం తెచ్చుకోలేదు, ఎదురు మాట కూడా అనలేదు. ఎంతటి సహనం! నేను చేతులెత్తి దండం పెట్టబోయాను.

అంతలో ఆయన వాయించడం ఆపి, గుమ్మం వైపు చూసి అడిగాడు. "డాప్లిన్ ఏది? ఏమైనా అందా?"