ఎర వాచీ

తొమ్మిదింటికే మేనేజరమ్మ అద్దాల పెట్టెలో, అమ్మకానికున్న పదకొండు వాచీల పక్కన, మంచి వాచీ ఒకటి పెట్టి, తాళం వెయ్యకుండా వదిలింది. జనం దానంగా ఇచ్చిన పాత వస్తువులు అమ్మి, ఆ డబ్బుతో పేద రోగులకు మందులు కొనే షాపు అది. ఒక్క నెలలో మూడు వాచీలు మాయమయ్యాయి. నాలుగోది పోతే షాపు మూసేస్తానని సంస్థ అధ్యక్షుడు తెగేసి చెప్పాడు. ఆయన ఈరోజే తనిఖీకి వస్తున్నాడు. ఈలోగా దొంగను పట్టి ఒప్పగించాలని ఆవిడ పట్టుదల.

"దానిమీద ఎవరు చెయ్యి వేసినా షట్టర్ దించెయ్యి పిన్నీ. నేను ట్రయల్ రూములో ఉంటా."

కౌంటర్ చూసే పిన్ని తలూపింది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడంలో పిన్నిని మించినవాళ్లు లేరు.

వాచీ ఎవరిదో ఆవిడ పిన్నికి చెప్పలేదు. మొగుడికి అసలే చెప్పలేదు. నాలుగేళ్లుగా బీరువాలో మూలుగుతున్న వాచీ ఈ ఒక్కపూటే ఆయనకు గుర్తొస్తుందా అనుకుంది.

గుర్తొచ్చింది. ఇల్లంతా గాలించి, దొరక్క, పెళ్లాన్ని అడుగుదామని పదిన్నరకు షాపుకే వచ్చాడు. అద్దాల పెట్టెలో తన వాచీ, దానికి వేలాడుతున్న ధర చీటీ చూసి నిర్ఘాంతపోయాడు. పెట్టె తలుపు బార్లా తీసి వాచీ అందుకున్నాడు.

దడేలున షట్టర్ పడింది. లోపలున్న కొనుగోలుదార్లు బిగుసుకుపోయారు. తెర తోసుకుని వచ్చిన మేనేజరమ్మ వెనకనుంచి దొంగ కాలరు పట్టుకుంది.

"దొరికావురా."

దొంగ వెనక్కి తిరిగాడు. ఆవిడ కాలరు వదిలేసింది.

"మీరా?"

"నేనే. మా నాన్న ఇచ్చిన వాచీ ఇక్కడికెలా వచ్చింది? మనింట్లో దొంగలు పడ్డారా?"

బయట ఎవరో షట్టర్ బాదుతున్నారు. పిన్ని ఎత్తింది. అధ్యక్షుడు. సంగతి విని రిజిస్టరు తిరగేశాడు. అందులో ఆ వాచీ ఊసే లేదు. తర్వాత గోడమీద మేనేజరమ్మే ఎర్రసిరాతో రాసి అంటించిన నిబంధన పైకి చదివాడు. "దాత సంతకం లేని వస్తువు దొంగసొత్తు. తెచ్చినవారే దొంగ."



"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నాడు మొగుడు, కాలరు సర్దుకుంటూ.

అవతల పిన్ని కొనుగోలుదార్లను సాగనంపుతోంది. "ఇబ్బంది పెట్టాం, ఏమీ అనుకోకండి" అని ఒక్కొక్కరికీ దండం పెట్టింది. ఒకాయన మరీ మర్యాదస్తుడు, తిరిగి దండం పెట్టి వెళ్లాడు.

అధ్యక్షుడు పెట్టె వైపు తిరిగాడు. మొగుడు తీసిన తలుపు తీసినట్టే ఉంది. లోపల ఉండాల్సిన పదకొండు వాచీల్లో ఒక్కటీ లేదు.

"పోనీలే అమ్మాయ్, ఎర మాత్రం భద్రంగా ఉంది" అని ఊరడించింది పిన్ని.

అధ్యక్షుడు షట్టర్ దించమని సైగ చేశాడు. ఈసారి కూడా పిన్ని చెప్పిన పని చెప్పినట్టే చేసింది.