రోడ్డు అంచున పెట్టిన ఇల్లు

శనివారం ఉదయం ఆర్విడ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లోని పాత చక్రాల ఇంటి కప్పు ఒకచోట కారుతోంది. అక్కడి చెక్క ఒక్కటి మార్చేస్తే, కారు వెనక తగిలించుకుని ఎక్కడికైనా పోవచ్చు. మూడేళ్లుగా ప్రతి శనివారమూ ఆ ఒక్క చెక్కే మారుస్తున్నాడు.

"శుక్రవారం మావాళ్లంతా సరస్సు దగ్గరికి వస్తున్నారు. మూడేళ్లుగా అక్కడికెళ్లిన ప్రతిసారీ మా అన్నయ్య ఇంట్లో నేలమీద పడుకుంటున్నాను. ఈసారీ ఇది కదలకపోతే పాత ఇనుము కొట్టుకి పంపించేస్తా," అంది భార్య ఇంగ్రిడ్.

"నాకు మేకు కొట్టడం రాదన్నాడుగా మీ అన్నయ్య! చూస్తూ ఉండు!"

చెక్క ఊడదీస్తే వెనకున్నది పొడిపొడిగా రాలింది. దాన్ని తీయడానికి అలమర అడ్డం. అలమర తీశాడు. అలాంటి పాత బళ్లలో కప్పును మోసేవి అలమరలేనని, కప్పు నెత్తిన పడ్డాకే తెలిసింది. దాని కింద కర్ర ఆనించి, పట్టుదలగా తలుపు, పొయ్యి, కిటికీలు కూడా పీకాడు. పెరట్లో చోటు లేక అన్నింటినీ రోడ్డు అంచున గడ్డిమీద పేర్చి, మళ్లీ లోపల దూరాడు.

ఆ ఊళ్లో రోడ్డు అంచున పెట్టిన వస్తువు ఎవరికి కావాలంటే వాళ్లది. ఆర్విడ్ పుట్టి పెరిగిందీ అక్కడే. అతని ఇంట్లో సగం కుర్చీలు అలా వచ్చినవే.

"ఆర్విడ్, ఈ పొయ్యి తీసుకోనా?" అని పక్కింటి గెర్డా కేకేసింది.

మబ్బు పట్టింది కదా, తడవకుండా దాచిపెడుతోంది కాబోలు అనుకున్నాడు. "తీసుకోండి గెర్డాగారూ!"

"నిజంగానే?"

ఆ ఊరి మర్యాదస్తులు మూడుసార్లు అడిగితే గాని ఏదీ పుచ్చుకోరు. ఎదురింటి లేలండ్ కూడా వచ్చి తలుపు గురించి మూడోసారి అడిగేసరికి ఆర్విడ్‌కు ఒళ్లు మండింది.

"అన్నీ పట్టుకుపోండి బాబూ! ఇంక నన్నడక్కండి!"

అడగలేదు. బయటికొచ్చి చూస్తే గడ్డి మాత్రమే మిగిలింది.

ఇచ్చింది తిరిగి అడగడానికి ఆర్విడ్‌కు నోరు రాలేదు. గెర్డా ఇంటికి వెళ్లి, మూడు కప్పుల కాఫీ తాగి, వానల గురించి మాట్లాడి, చేతులూపుకుంటూ వచ్చాడు. చివరికి ఇంగ్రిడే సిగ్గు విడిచి గడపగడపా ఎక్కింది. అప్పటికే గెర్డా పొయ్యిని అద్దంలా తోమింది. లేలండ్ తలుపును కోళ్లగూటికని చిత్రికపట్టి రంగేశాడు. కిటికీలు పట్టుకెళ్లినవాళ్లు వాటికి కొత్త రబ్బరు వేశారు. తప్పు జరిగిపోయిందని వీధి వీధంతా నొచ్చుకుని, సామాన్లతో పాటు పనిముట్లు కూడా తెచ్చి, గురువారానికి కప్పుతో సహా ఇల్లు నిలబెట్టేసింది. ఆర్విడ్‌కు మేకుల డబ్బా పట్టుకునే పని దక్కింది.

శుక్రవారం సరస్సు ఒడ్డున ఇంగ్రిడ్ అన్న మార్టన్ ఆ ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బావా, ఇదంతా నువ్వే చేశావా?"

ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. "ప్రతి మేకూ ఈ చేత్తోనే."

పక్కనే ఇంగ్రిడ్ నవ్వింది. ఆ నవ్వు చూసైనా అతను ఆగి ఉండాల్సింది.

"నిన్ను చాలా తక్కువగా అనుకున్నాను, క్షమించు," అన్నాడు మార్టన్ నిజంగానే కరిగిపోయి. "నా కొట్టం వెనక ఇంతకన్నా పెద్దది పాడైపోయి పడుంది. నీ చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ పెట్టను."

"తీసుకెళ్తాడన్నయ్యా. పనంటే ఆయనకు ప్రాణం," అంది ఇంగ్రిడ్.

మరుసటి శనివారం మార్టన్ తన లారీ వెనక దాన్ని లాక్కొచ్చేసరికి, పట్టపగలు ఆ వీధిలో ఒక్క తలుపూ తెరిచి లేదు.