ఓస్మో సన్న టైర్లు

అక్టోబరు రెండో శనివారం పొద్దున్నే ఓస్మో కారుకు సన్న టైర్లు బిగించుకుని, సరస్సు అవతల ఉండే హిల్కా ఇంటికి కాఫీకి వెళదామనుకున్నాడు. ఆయనకు అరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. భర్త పోయిన హిల్కాకు చెప్పాల్సిన మాట ఒకటి మూడేళ్లుగా ఆయన గొంతులోనే ఉండిపోయింది.

నిరుడు ఇదే పనిమీద వెడల్పు టైర్లతో బయల్దేరాడు. వెడల్పు టైరు మెత్తటి మంచును కోసుకుని నేలను పట్టుకోదు, పైపైన తేలి జారిపోతుంది. హిల్కా ఇంటికి ఎక్కే ఎత్తు దారి మొదట్లోనే కారు కూరుకుపోతే ట్రాక్టరు వచ్చి లాగింది. ఆ సిగ్గుతో మహానుభావుడు ఏడాదిపాటు అటు తొంగిచూడలేదు. ఈసారి మంచు ఉన్నా లేకపోయినా సన్నవే వేసుకుని వెళ్లాలని తీర్మానించుకున్నాడు.

అయితే ఓస్మో ముప్ఫై ఏళ్లు మా బడి బస్సు నడిపినవాడు. ఆయన టైర్లు మార్చాడంటే మంచు వస్తున్నట్టే లెక్క. పోనీ, ఎందుకు మార్చావని అడగొచ్చు కదా? మా ఫిన్లాండులో ఒకరి సంగతి ఒకరు అడగడం మర్యాద కాదు. కిటికీలోంచి చూసి ఎవరికి తోచింది వాళ్లు అనుకోవడం మాత్రం మర్యాదే.

ఎదురింటివాళ్లు చూశారు. ఇంత తొందరగా, అదీ సన్నవి వేశాడంటే మోకాలి లోతు మంచు ఖాయమనుకున్నారు. తొమ్మిదింటికి పెంటి అనే ఆయన టైర్ల కొట్టు ముందు పదకొండు కార్లు నిలబడ్డాయి. పదింటికి సన్న టైర్లు, ఆ తర్వాత అంగట్లో రొట్టెలు, కొవ్వొత్తులు అయిపోయాయి. చర్చిలో పాటల సాధన కూడా వాయిదా పడింది.

ఇవేమీ తెలియని ఓస్మో ఉతికిన చొక్కా వేసుకుని, దాల్చినచెక్క రొట్టెల పొట్లంతో హిల్కా ఇంటికి చేరాడు. ఎత్తంతా పొడిగా ఉంది, ఎండ కాస్తోంది. తలుపుకు చీపురు ఆనించి ఉంది, అంటే ఇంట్లో ఎవరూ లేరని. కట్టెలు కొడుతున్న పక్కింటాయన్ని ఓస్మో జన్మలో మొదటిసారి అడిగాడు. పెద్ద మంచు వస్తోందట, హిల్కా టైర్లకు వెళ్లింది, అవి దొరకగానే అటునుంచి అటే ఊలు పట్నంలోని అక్క దగ్గరికి వెళ్లి వసంతం దాకా ఉంటుందని ఆయన చెప్పాడు. ఓస్మో పొట్లంతో సహా కారెక్కి పెంటి కొట్టుకేసి తిప్పాడు.

కొట్టు దగ్గర వరుసలో చివర హిల్కా కారు, వెనక సీట్లో పెట్టె. వెడల్పువే మిగిలాయని పెంటి అక్కడికే వచ్చి చెబుతుంటే ఆమె సరే, అవే వేసెయ్యమంటోంది. ఓస్మో పొట్లంతో మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"మంచు రాదు" అన్నాడు.

"మరి నువ్వెందుకు మార్చావయ్యా?" మర్యాద మరిచిపోయి అడిగేశాడు పెంటి.

"హిల్కా ఇంటి ఎత్తు ఎక్కడానికి. నిరుడు ఎక్కలేకపోయాను." చెవులు ఎర్రబడ్డాయి. "ఇకమీదట నాతో కలిసి ఉంటావా అని అడగడానికి."

వరుసలో ఉన్న ఇరవై మందీ తమ బూట్లు చూసుకున్నారు. హిల్కా వచ్చి పొట్లం అందుకుంది. ఆమె కళ్లు చెమర్చాయి.

"నిరుడు కిటికీలోంచి చూశాను. రెండు కప్పుల కాఫీ కూడా పెట్టాను. దిగి నాలుగడుగులు నడిచొస్తావనుకుంటే, నువ్వు ట్రాక్టరును పిలిచావు" అంది. "పద ఇంటికి."

ఆ ఏడు మంచు నవంబరు చివర్లో గానీ పడలేదు. పడ్డాక కూడా ఓస్మో కారు ఏ ఎత్తూ ఎక్కాల్సిన పనిలేకుండా హిల్కా వాకిట్లోనే ఉంది.