కంట్రోల్ రూమ్‌కి విశ్వకర్మే కాపలా

దేశంలోని ముఖ్యమైన కంప్యూటర్లను వైరస్‌ల నుంచి కాపాడే మార్గం ఒక్కటే: వాటిని ఆపేసి, బొట్టు పెట్టి, దండ వేసి, దండం పెట్టడం! నవ్వకండి. జంషెడ్‌పూర్‌లో రుజువైన సంగతే చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. జంషెడ్‌పూర్‌ని ఆనుకునున్న ఆదిత్యపూర్‌లో ఓ కరెంటు కంట్రోల్ రూమ్, అందులో ఆరు కంప్యూటర్లు, వాటికి బాధ్యుడు ఇంజనీరు ఉమామహేశ్వర్. వాటిలోకి వైరస్ దూరితే కార్ఖానాలూ ఆసుపత్రులూ చీకటి. ఆపైన ఆయన ఉద్యోగం కూడా!

అందుకే పాపం, యాంటీవైరస్ సీడీ పంపండి మహాప్రభో అని పైఆఫీసుకి పదకొండు ఉత్తరాలు రాశాడు. ప్రతిసారీ జవాబొచ్చింది: 'జాగ్రత్తగా ఉండవలెను.' ఇంతకన్నా రక్షణ ఏం కావాలండీ? ఆ మాట ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తే వైరస్ చదువుకుని వెనక్కి పోదూ?

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆరోజు ఊళ్లో సుత్తి నుంచి క్రేను దాకా బొట్టు పెట్టించుకోని పనిముట్టు ఉండదు. సీనియర్ ఆపరేటర్ అప్పలసూరి పొద్దున్నే కంప్యూటర్లన్నీ ఆపేసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశాడు. దండకి అడ్డమొస్తున్నాయని నెట్‌వర్క్ వైర్లు కూడా పీకేశాడు.

ఉమామహేశ్వర్ పరుగెత్తుకొచ్చాడు. "ఆన్ చెయ్యవయ్యా! ఊరికి కరెంటు పోతే నా ఉద్యోగం పోతుంది!"

"అరే సాబ్, ఏటలాగ కంగారు పడతారు? పూజ రోజు మిషన్ ముట్టుకుంటామేటి? ఇయాల ఫోన్ల మీద, చేతి స్విచ్చులతో నడిపిత్తాను. ఇరవై ఏళ్లు అలాగే నడిపినాం కదా!"

నడిపించేశాడు కూడా, ఓ పక్క బూందీ ప్రసాదం పంచుతూనే.

సాయంత్రం ఫ్యాక్స్ వచ్చింది. అన్ని శాఖల్లోనూ కంప్యూటర్లు పడకేశాయట. వైరస్ పైఆఫీసు నుంచే బయల్దేరిందట, 'జాగ్రత్తగా ఉండవలెను' అన్న ఈమెయిల్‌తో పాటే! ఆదిత్యపూర్‌లో మాత్రం దండల కింద ఆరూ క్షేమం. ఆనందం పట్టలేక ఉమామహేశ్వర్ మిగిలిన బూందీ అంతా ఒక్కడే తినేశాడు.

మర్నాడే ప్రశంసాపత్రం! మీ రక్షణ విధానమేమిటో తెలుపమన్నారు. అబద్ధమాడటం చేతకాని మనిషి, ఉన్నదున్నట్టు రాశాడు. ఇది మా అదృష్టం మాత్రమేననీ, మిగతా మూడువందల అరవైనాలుగు రోజులకీ యాంటీవైరస్ పంపమనీ చివర వేడుకున్నాడు. పన్నెండో ఉత్తరమన్నమాట.

ఈసారి పైఆఫీసు కదిలింది! కమిటీ వేసింది. నెల తిరక్కుండా పార్సెల్ వచ్చింది, మీద ఎర్రసిరాతో 'కంప్యూటర్ రక్షణ సామగ్రి, అత్యవసరం' అని. ఉమామహేశ్వర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పలసూరి తాడు కోశాడు.

ఆరు కొబ్బరికాయలు. కంప్యూటరుకొకటి.

అప్పలసూరి ఒకటి చెవి దగ్గర ఆడించి, నీళ్లున్నాయని తృప్తిపడ్డాడు. ఉమామహేశ్వర్ కాగితం తీసి పదమూడో ఉత్తరం రాశాడు: "అయ్యా, సామగ్రి అందినది. దీనిని సీడీ డ్రైవులో పెట్టవలెనా, ఫ్లాపీ డ్రైవులో పెట్టవలెనా తెలుపగలరు."

వారం తిరక్కుండా జవాబొచ్చింది.

'జాగ్రత్తగా పెట్టవలెను.'