రెండు మడమలూ నేలకు ఆనవలెను

పళ్ళ డాక్టరమ్మ అంతెత్తు మోటారు సైకిలు కొన్నందువల్ల పట్టణంలో శాంతిభద్రతలకు ఎలాంటి విఘాతమూ కలగలేదని ముందుగా మనవి. కష్టం కలిగిందల్లా పౌరుల మెడలకే. బండిని చూసి, దాని మీద మనిషి కోసం వెతికి, చివరికి అద్దం వెనక హెల్మెట్‌ను కనిపెట్టేసరికి చాలామందికి మెడలు పట్టేశాయి.

డాక్టరమ్మ ఎత్తు అయిదడుగులకు అంగుళం తక్కువ. ఆసుపత్రిలో రోగుల కుర్చీ కిందికి దిగనని మొండికేసిన నాటి నుంచీ ఆమె చెక్కపీట ఎక్కి దవడపళ్ళు పీకుతోంది. అందుకని ఊళ్ళో పీట డాక్టరమ్మ అని పేరు. పీకించుకున్నవాళ్ళు మాత్రం ఏమీ అనేవారు కాదు. వాళ్ళ నోట్లో దూది ఉండేది.

రోజంతా బెత్తెడు నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి ఎప్పుడైనా దూరం చూడాలనిపించడం సహజం. ఊరి చివర ఒక కొండ ఉంది. దాని మీది నుంచి చూస్తే చూపుకు అడ్డే ఉండదని ఆమె విన్నది. దారి మాత్రం రాళ్ళూ గుంతలూ. మామూలు స్కూటరు ఆ దారి పడితే కడుపు చీరుకుపోతుంది. అందుకే ఎత్తు బండి.

కొనడానికి భర్తను వెంటబెట్టుకుని వెళ్ళడమే ఆమె చేసిన పొరపాటు. ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరరు, ఆరడుగుల మనిషి. కదిలే వస్తువులు పడిపోకుండా ఎలా నిలుస్తాయో గంటసేపు అనర్గళంగా చెప్పగలడు. సైకిలెక్కితే మాత్రం పడిపోతాడు.

“సార్, మీ ఎత్తుకి కొలతలు తీసుకుని కుట్టినట్టుంది ఈ బండి,” అన్నాడు షోరూం మేనేజరు.

“నాకు కాదండీ, ఆవిడకి.”

“తప్పకుండా సార్. మేడమ్ గారికి వెనక సీటు పరుపులా ఉంటుంది.”

సంతకాలన్నీ పెట్టింది డాక్టరమ్మ. తాళంచెవి మాత్రం లెక్చరరు చేతికిచ్చారు. ఆయన దాన్ని వేడి గరిటెలా పట్టుకుని ఇంటిదాకా తెచ్చాడు.

అత్తగారు గుమ్మంలోంచి బండిని కిందినుంచి పైదాకా చూసింది. “ఇదేంటే అమ్మాయ్, ఒంటెను తోలుకొచ్చావ్?”

“కాళ్ళు అందట్లేదు అత్తయ్యా.”

“ఒంటె ఎక్కినవాడి కాళ్ళు నేలకి అందుతాయా ఎక్కడైనా? పడితే పడ్డావు గానీ, దాన్ని కావలించుకుని మాత్రం పడకు. దాని కాలు విరిగితే కొత్తది వేస్తారు.”

లెక్చరరు పెరటి గోడ మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, గరిమనాభి ఎంత ఎత్తులో ఉందో చూపించి, బండి ఎందుకు పడుతుందో కచ్చితంగా వివరించాడు. అది విని బండి పడింది.

మొదట్లో డాక్టరమ్మ రెండు కాళ్ళ మునివేళ్ళ మీదా నిలబడబోయి, ఎవరికీ అన్యాయం జరగకుండా రెండువైపులా పడింది. పడగా పడగా సంగతి బోధపడింది. రెండు కాళ్ళు అరకొరగా ఆనడం కంటే ఒక్క కాలు నిండుగా ఆనడం నయం. ఆగబోయే ముందు సీటు మీద ఎడమకు జరగాలి, ఎడమ పాదం పూర్తిగా దించాలి, కుడి పాదం బ్రేకు మీదే ఉంచాలి. ఎక్కడ ఆగాలో ముందే చూసుకోవాలి, కాలు దించే వైపు మిట్ట ఉండాలి. పడ్డ బండిని లేపడం కూడా వచ్చేసింది. దానికి వీపు చూపించి, సీటుకు నడుము ఆనించి గొంతుక్కూర్చుని, కాళ్ళ బలంతో వెనక్కి నెట్టుకుంటూ లేవడమే. దవడపన్ను కూడా అంతే. బలానికి లొంగదు, ఒడుపుకి లొంగుతుంది.

ఇక వీధిలోకి వచ్చాక ఆమెను ప్రజల దయ చుట్టుముట్టింది. కూడలిలో ఎర్రదీపం పడగానే ఆమె ఎడమకు జరిగేది. “అయ్యో, పడిపోతోంది!” అని నలుగురు పుణ్యాత్ములు పరుగెత్తుకొచ్చి కుడివైపుకు లాగేవారు. బండి నిజంగానే పడేది. వాళ్ళు దుమ్ము దులుపుకుని, “మీ మంచికే చెప్తున్నాం, ఎందుకండీ మీకివన్నీ?” అని హితవు చెప్పి సాగిపోయేవారు. ఆ సందడిలో ఒక పెద్దమనిషికి ముందుపన్ను ఊడింది. డాక్టరమ్మ ఉచితంగా కట్టింది.

కొండదారికి ఒక గేటుంది. నమోదైన సంఘం వస్తే తప్ప దాన్ని తీయరు. పట్టణంలో నమోదైన సంఘం ఒక్కటే, సాహస ద్విచక్ర వాహన సంఘం. అధ్యక్షుడు టైల్స్ షాపు యజమాని. సభ్యులంతా తాటిచెట్లంత మనుషులు. బళ్ళకు అల్యూమినియం పెట్టెలు, తాళ్ళు, గొడ్డళ్ళు, మురుగునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు ఉండేవి. ఇంత సరంజామాతో వారు ప్రతి ఆదివారం పొద్దున్నే బయలుదేరి, బైపాసు చివరి టీకొట్టుదాకా వెళ్ళి, ప్రాణాలతో తిరిగి వచ్చేవారు.

సభ్యత్వానికి నియమం ఒకటే: బండి మీద కూర్చున్న అభ్యర్థి రెండు మడమలూ నేలకు ఆనవలెను. పరీక్ష కట్టుదిట్టంగా జరిగింది. మడమల కింద ఒక్కో కాగితం పెట్టి లాగారు. డాక్టరమ్మ మడమల కింద నుంచి కాగితాలే కాదు, ఒక కుక్కపిల్ల కూడా సులువుగా దూరిపోయింది.

“స్త్రీలంటే ఈ సంఘానికి అపారమైన గౌరవం,” అన్నాడు అధ్యక్షుడు. “ఆ గౌరవానికి మచ్చ రాకూడదనే ఇంతవరకూ ఒక్కరినీ చేర్చుకోలేదు.”

కానీ కొండకు వెళ్ళే జట్టులో ప్రథమ చికిత్స తెలిసినవాళ్ళు ఒకరుండాలని గేటు దగ్గర బోర్డు ఉంది. సంఘంలో కట్టు కట్టడం ఎవరికీ రాదు. దాంతో ఆమెను ‘తాత్కాలిక వైద్య పరిశీలకురాలు’గా వెంట తీసుకెళ్ళేందుకు ఔదార్యంతో ఒప్పుకున్నారు. వరుసలో చిట్టచివర, దుమ్ము తింటూ రావాలి.

సగం కొండ ఎక్కాక, గులకరాళ్ళ వాలులో, అధ్యక్షుడు చెయ్యెత్తి బండి ఆపాడు. ప్రకృతి గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించిందట. ఎప్పటిలాగే రెండు కాళ్ళూ ధీమాగా దించాడు. ఎడమ మడమకు నేల తగిలింది. కుడివైపు గుంట ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన మడమకు నేల అందకపోవడం అదే మొదలు. ఆ ఆశ్చర్యంలోనే పక్కనున్న బ్యాంకు మేనేజరు మీద పడ్డాడు. మేనేజరు వకీలు మీద పడ్డాడు. అలా పదవుల వారీగా సంఘం యావత్తూ నేల మీద సమావేశమైంది.

“ఎవరూ కంగారు పడకండి! నేను కావాలనే పడుకోబెట్టాను!” అని అధ్యక్షుడు బండి కింద నుంచి ప్రకటించాడు.

డాక్టరమ్మ వెనక నుంచి వచ్చి, ఎడమవైపు ఒక రాయి చూసుకుని, దాని మీద కాలు పెట్టి ఆగింది. సభ్యులు వంగి బండిని పట్టుకుని “ఒకటీ, రెండూ, మూడూ” అన్నారు. మూడు దగ్గర వకీలు నడుము పట్టేసింది.

“వంగకండి. వెనక్కి తిరగండి,” అందామె.

“ఎటు వెనక్కి?”

“బండికి వీపు పెట్టండి. ఇప్పుడు కూర్చోండి. కాళ్ళతో లేవండి... చేతులతో కాదండీ బాబూ, కాళ్ళతో!”

బండ్లు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

“ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?” అన్నాడు మేనేజరు రొప్పుతూ.

“మా పెరట్లో.”

అధ్యక్షుడికి మణికట్టు బెణికింది, క్లచ్ పట్టలేడు. కట్టు కట్టి డాక్టరమ్మే తన వెనక ఎక్కించుకుంది. బండి ఆగిన చోటల్లా ఆయన వెనక సీటు నుంచి రెండు మడమలూ నేలకు ఆనించి, సంఘ నియమాన్ని కాపాడాడు.

కొండ మీద గాలి గట్టిగా ఉంది. కింద పట్టణం అగ్గిపెట్టెలు పేర్చినట్టుంది. డాక్టరమ్మ తన ఆసుపత్రి ఎక్కడుందా అని చాలాసేపు వెతికింది. కనపడలేదు. కనపడనందుకు ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది.

తర్వాతి వారం టౌన్‌హాల్లో విజయోత్సవ సభ జరిగింది. “పడనివాడికి సాహసం విలువేం తెలుసు?” అన్నాడు అధ్యక్షుడు, చేతికట్టు అందరికీ కనపడేలా ఎత్తి. “ఆ రోజు మా సంఘం నేలను ముద్దాడింది!” ఆ స్ఫూర్తితో నియమాన్ని సవరించారు. కొండ మీద బండితో సహా పడ్డ అనుభవం ఉన్నవారే ఇకపై సభ్యులు. ఆ రోజు పడని మనిషి ఒక్కరే గనుక డాక్టరమ్మ దరఖాస్తును విచారంతో తిరస్కరించారు.

లెక్చరరు లేచి నిలబడ్డాడు. “ఆవిడ పెరట్లో చాలాసార్లు పడిందండీ. నేనే సాక్షిని.”

“పెరడు కొండ కాదు కదా సార్. అయినా ఇంత మంచి ఎత్తున్నారు, మీరే చేరకూడదూ?”

ఆ సమయానికి డాక్టరమ్మ కొండ మీద ఉంది. ఎవరు ఎవరిని ఎక్కించుకుని దిగారో కళ్ళారా చూసినవాడు గనుక, గేటు కాపలావాడు ఇప్పుడామెను ఏ సంఘమని అడగడు. వెనక సీటు మీది నుంచి అత్తగారు అగ్గిపెట్టెల్లో తమ ఇల్లు వెతుకుతోంది.

సభలో కొత్త నియమం చదివారు. ఇది ఎవరినీ దృష్టిలో పెట్టుకుని చేసింది కాదని అధ్యక్షుడు స్పష్టం చేశాడు. అది మాత్రం అక్షరాలా నిజం, డాక్టరమ్మ వాళ్ళ దృష్టిలో ఎన్నడూ లేదు. హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఎంత గట్టిగా మోగిందో మీకు నేను చెప్పాలా? రెండో వరుసలో మీరే లేచి నిలబడి మరీ కొట్టారు కదా!