భీమిలి రోడ్డు మీద అన్సార్ సార్

గురువారం ఉదయానికి అన్సార్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. తెల్లవారకముందే లేవడం, చప్పుడు కాకుండా సైకిల్ బయటికి తీయడం, ఎండ ఎక్కేలోపు తుక్కుగూడ రింగురోడ్డు చేరడం. అక్కడికి సిటీ సైకిల్ క్లబ్బు వ్యాను వస్తుంది. సైకిళ్లు దానిమీద కట్టేస్తే మర్నాడు పొద్దునకు విశాఖపట్నం. ఆ పైన సముద్రం పక్కనుంచి భీమిలి దాకా, తర్వాత ఘాట్ రోడ్డు ఎక్కి అరకు దాకా తొక్కడం.

అన్సార్ శేరిగూడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. నిరుడు అనంతగిరి గుట్టలు ఎక్కి వస్తానని పోయి, చేవెళ్ల దాటాక పిక్కలు పట్టేసి, గొర్రెల లారీలో ఇంటికి చేరాడు. ఆనాటి నుంచి ఇబ్రహీంపట్నంలోని ఆ గల్లీలో అతని పేరు 'సగం సార్'. ఎదురుగా ఎవరూ అనరు. అతను మలుపు తిరిగాక అంటారు. మలుపు అవతలికి వినిపిస్తుంది. ఈసారి కూడా సగంలో తిరిగొస్తే ఆ పేరు సమాధి రాయి మీదికి కూడా ఎక్కుతుందని అన్సార్‌కు తెలుసు. అందుకే ఎవరికీ చెప్పకుండా పోయి, అరకు చూసి వచ్చాక చెబుదామనుకున్నాడు. భార్య ఉజ్మాకు ఒక్కదానికే చెప్పాడు. ఉజ్మా అత్తగారికి ఒక్కదానికే చెప్పింది. అత్తగారు బేగం బీ పక్కింటి వీరస్వామికి ఒక్కడికే చెప్పింది.

అన్సార్ చప్పుడు కాకుండా తలుపు తీశాడు. వాకిట్లో గల్లీ మొత్తం నిలబడి ఉంది.

"రా బేటా, చెయ్యి చాపు" అంది బేగం బీ. ఆమె చేతిలో ఆకుపచ్చ గుడ్డ పేలిక ఉంది. అందులో ఒక నాణెం మూటగట్టి ఉంది. దాన్ని ఇమాం జామిన్ అంటారు. ప్రయాణం పోయేవాడి కుడి భుజానికి కడతారు. క్షేమంగా చేరాక విప్పి, ఆ నాణెం అక్కడి బీదవాళ్లకు ఇవ్వాలి. "కట్టినంక మధ్యల ఎనక్కి తిరగొద్దు. చేరకుండ మల్ల గడప తొక్కితే ఇంటికి మంచిది కాదు. మా అమ్మ చెప్పేది."

బేగం బీ కట్టాక ఆమె చెల్లెలు కట్టింది. చెల్లెలి కోడలు కట్టింది. ఎదురింటి మరియ సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయిన వీరస్వామి ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టాడు.

"సారూ, ఘాట్ల బ్రేకు మీద కాలు పెట్టకు."

"కాలుతోని కాదు వీరస్వామన్నా, చేతితోని."

"ఏదో ఒకటి. పెట్టకు."

వెనక నుంచి ఎవరో అడిగారు. "రిటన్ల లారీ మాట్లాడి పెట్టుకున్నవా సార్?"

నవ్వులు వినిపించాయి. అన్సార్ మోచేతి నుంచి భుజం దాకా పేలికలు కట్టించుకుని, పేలిక పేలికకూ తల వంచి, బయలుదేరేసరికి తెల్లారింది. ఈ మధ్యలో జేబులో ఫోను రెండుసార్లు వణికింది. చూసుకునే వీలు లేకపోయింది.

తుక్కుగూడలో వ్యాను లేదు. క్లబ్బు నడిపే జైపాల్‌కు ఫోను చేశాడు.

"మెసేజ్ చూడలేదా అన్నా? సముద్రంల వాయుగుండం లేచింది. తుపానైతదట. ట్రిప్ క్యాన్సల్."

"ఎప్పుడు పెట్టినవ్?"

"పొద్దుగాల్నే. అందరు చూసిండ్రు. ఇంటికి పో అన్నా, జర పండుకో."

అన్సార్ సర్వీసు రోడ్డు పక్కన దిమ్మె మీద కూర్చున్నాడు. ఇంటికి పోవచ్చు. పోతే తుపాను సంగతి చెప్పాలి. తుపాను ఉన్నది నిజమే. కానీ గొర్రెల లారీనాడు పిక్కలు పట్టేసింది కూడా నిజమే, ఎవరు విన్నారు? పైగా అమ్మ గడప దగ్గర నిలబడి భుజం వైపు చూస్తుంది. రేపు ఆమెకు బీపీ పెరిగినా, పాలు విరిగినా దీని వల్లే అవుతుంది. చాలాసేపు ఆలోచించి ఐలేష్‌కు ఫోను చేశాడు. ఐలేష్ అదే కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. యాచారం దగ్గర కోళ్ల షెడ్డు ఉంది.

"ఐలేషూ, నన్ను నాలుగు దినాలు దాయాలె."

"ఏం చేసినవ్ సార్?"

"ఏం చెయ్యలే. గదే కథ."

ఐలేష్ కోళ్లు దించి వస్తూ సాయంత్రం ట్రాలీ ఆటో తెచ్చాడు. సైకిల్‌ను అడ్డంగా పడుకోబెట్టి, జాలీ డబ్బాల మధ్య అన్సార్‌ను కూర్చోబెట్టి, పైన తాడిపత్రి పట్టా కప్పాడు. అమ్ముడుపోని కోళ్లు కొన్ని డబ్బాల్లో ఉన్నాయి. యాచారం పోవాలంటే ఇబ్రహీంపట్నం మీదుగానే పోవాలి. చౌరస్తాలో ఆటో ఆగింది. తాడిపత్రి కింద అన్సార్‌కు తెలిసిన గొంతు వినబడింది.

"ఐలేషూ, కోడెంతకిస్తవ్ రా?"

వీరస్వామి. అన్సార్ ఊపిరి బిగబట్టాడు. డబ్బాలోంచి ఒక కోడి మెడ చాచి అతని చెవి పొడిచింది. అతను కదల్లేదు.

"అమ్మేది కాదన్నా. జబ్బు కోళ్లు."

"జబ్బువా? జర చూపెట్టు." తాడిపత్రి అంచు లేచింది. వీరస్వామి చెప్పులు, పంచె అంచు కనబడ్డాయి. కోడి మళ్లీ పొడిచింది.

"ముట్టకన్నా, అంటుకుంటది!"

అంచు కిందపడింది. "మా సగం సారు ఈపాటికి ఆంధ్రల పడ్డడు" అంటూ వీరస్వామి గొంతు దూరమైంది. "ఈసారి సగం కాదులే. చూస్తుండు."

ఆ మాటకు అన్సార్‌కు సంతోషం కలగాలి. చెవి మండింది.

ఇబ్రహీంపట్నం చెరువు దగ్గర అన్సార్ ఆటో ఆపించాడు. ఈ ఏడు వానలకు చెరువు నిండి మత్తడి పోస్తోంది. గాలికి నీళ్లు కట్టను కొడుతున్నాయి. గుట్ట రాకుండా, కట్ట రాకుండా, నీళ్లూ ఆకాశం మాత్రమే పడేటట్టు ఫొటో తీశాడు. వెంటనే పంపలేదు. వ్యాను విశాఖపట్నంలో దించి, సైకిళ్లు భీమిలి చేరే వేళకు, శుక్రవారం పొద్దున, కోళ్ల షెడ్డు పక్కన మోటారు గదిలో కూర్చుని ఉజ్మాకు పంపాడు. 'భీమిలి చేరినం. మస్తుగుంది.' లెక్క ఎక్కడా తప్పలేదు.

నిమిషం గడవకముందే ఉజ్మా వీడియో కాల్ చేసింది. అమ్మీ సముద్రం చూస్తానంటోందని కింద మెసేజ్ వచ్చింది. పక్క షెడ్డులో మేత పడే వేళయింది. వెయ్యి కోళ్లు ఒక్కసారి గొంతెత్తాయి. అన్సార్ కాల్ కట్ చేసి, 'సిగ్నల్ లేదు' అని రాసి, ఫోను ఆపేశాడు. ఆ రోజంతా ఆన్ చేయలేదు. రాత్రి భుజానికున్న పేలికలు ఒరుసుకుని నిద్ర పట్టలేదు. విప్పడానికి చెయ్యి రాలేదు.

శనివారం పొద్దున ఫోను తెరిచాడు. వీరస్వామి వాయిస్ మెసేజులు వరసగా వచ్చి పడ్డాయి.

"సారూ, టీవీల భీమిలి చూపెడ్తుండ్రు. టీవీల నీళ్లు, నీ ఫొటోల నీళ్లు ఒక్కతీరుగనే ఉన్నయ్. జర ఎనక్కి జరుగు."

"సారూ, అమ్మ అన్నం ముడ్తలేదు. ఫోన్ చెయ్యి."

"సారూ, వైజాగ్ కంట్రోల్ రూముకు చేసినం. సైకిళ్లోళ్లు ఎవ్వలు రాలేదంటుండ్రు. రాలేదంటే దొరకలేదనా, ఏమన్నట్టు?"

చివరిది అప్పుడే వచ్చింది. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. "అమ్మ బ్యాగు సర్దింది. వద్దంటే ఇంటలేదు. కొడుకు నీళ్లల్ల ఉంటే నేను ఇంట్ల ఎట్ల ఉంట అంటుంది. ఉజ్మా, నేను తోడు పోతున్నం. బస్టాండుల ఉన్నం, బస్సుకు ఇంక గంట టైముందట, సిటీకి పోయి ఆడికెల్లి వైజాగ్. బతికుంటే ఫోన్ చెయ్యి సారూ."

అన్సార్ చేశాడు. వీరస్వామి నంబరు బిజీ వచ్చింది. ఉజ్మా ఎత్తలేదు. ఐలేష్ చీకటితోనే లోడు తీసుకుని సిటీకి పోయాడు. డెబ్బై ఏళ్ల అమ్మ, బీపీ గోలీలు మూటగట్టుకుని, తుపాను ఉన్న చోటికి పోతోంది. అక్కడ ఆమె వెతికే మనిషి యాచారంలో ఉన్నాడు.

అతను సైకిల్ ఎక్కాడు. సాగర్ రోడ్డు మీద ఎదురుగాలి. వాన మొదలైంది. తొక్కుతూనే చెప్పాల్సిన మాట వెతికాడు. విశాఖపట్నం నుంచి రాత్రికి రాత్రి సైకిల్ తొక్కుకుంటూ వచ్చానంటే నమ్మేవాళ్లు గల్లీలో ఇద్దరున్నారు. వాళ్లలో అమ్మ లేదు. రైల్లో తిరిగొచ్చానంటే టికెట్ అడుగుతారు. ఏ అబద్ధం పట్టుకున్నా సగం దూరమే వస్తోంది. లారీ నీళ్లు చిమ్మి పోయింది. పిక్కలో నరం లాగింది. నిరుడు లాగిన చోటే. అప్పుడు దిగాడు. ఇప్పుడు దిగలేదు.

బస్టాండు మలుపు తిరిగేసరికి సిటీ బస్సు గేటులోంచి బయటికి వస్తోంది. కిటికీలో బేగం బీ తల కనిపించింది. అన్సార్ సైకిల్‌ను బస్సు ముందు అడ్డం పెట్టాడు. బ్రేకు కీచుమంది.

"సావనీకె నా బస్సే దొరికిందారా!" అని డ్రైవరు అరిచాడు.

అన్సార్ మెట్లెక్కాడు. బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. బస్సులో సగం మంది తెలిసినవాళ్లే. వీరస్వామి చెవి దగ్గర ఫోను అలాగే ఉండిపోయింది. ఉజ్మా లేచి నిలబడి మళ్లీ కూర్చుంది. బేగం బీ కొడుకు మొహం రెండు చేతులతో తడిమింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత వాసన చూసింది. అతని జుట్టులోంచి ఈక ఒకటి తీసి కిటికీ వెలుతురుకు పట్టింది.

"సముద్రం కాడ కోళ్లు గూడ ఉంటయారా?"

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు.

"లేదమ్మీ. నేను పోలే. ట్రిప్ క్యాన్సలైంది. ఐలేష్ షెడ్డుల ఉన్న."

"మరి ఆ ఫొటో?"

"మన చెరువు."

"నేననుకుంటనే ఉన్న" అన్నాడు వీరస్వామి.

"ఏమనుకున్నవ్?" అంది ఉజ్మా. "నిన్న గదే ఫొటో చూసి, ఈ అల మనిషిని గుంజుకపోతది అని అమ్మీని ఏడిపించినవ్ గద." ఆమె భర్త వైపు తిరిగింది. "మీ సంగతి ఇంటికాడ చూస్త."

కండక్టర్ వచ్చాడు. "దిగేటోళ్లు దిగుండ్రి. పెద్దమ్మా, కొడుకు దొరికిండు గద, ఇంకెందుకు? ఆ తుపాను గూడ రాత్రే ఒడిశా దిక్కు మల్లిపోయింది. వైజాగ్‌ల ఎండ గొడ్తుందట."

అన్సార్ తల్లి సంచీ పట్టుకున్నాడు. బేగం బీ వదల్లేదు.

"ఎండ గొడ్తుందా?" అని కండక్టర్‌ను అడిగింది.

"అవ్."

"అయితే పోనియ్ బస్సు."

"అమ్మీ! నేను ఈడనే ఉన్న గద."

"నిన్ను రోజు చూస్తనే ఉన్న. సముద్రం చూడలే" అంది బేగం బీ. "ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టిచ్చిన. గల్లీకంత చెప్పొచ్చిన. మరియ నా నెత్తి మీద చెయ్యి పెట్టి అర్ధగంట ప్రార్థన చేసింది. ఇప్పుడు దిగితే ఏం పేరు పెడ్తరో నీకు తెల్వదా?"

అన్సార్‌కు తెలుసు. ఉజ్మా వైపు చూశాడు.

"ఒక్కదాన్ని ఎట్ల పంపుత?" అంది ఉజ్మా, సంచీ కాళ్ల కింద సర్దుకుంటూ. "మన బిడ్డ అనం బడి ఒంటి గంటకు ఇడుస్తరు. గోధుమపిండి కింది డబ్బల ఉంది."

వీరస్వామి కూడా దిగలేదు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు చేసినా తన రూటు సాగర్ రోడ్డు మీది మాల్ ఊరు దాటలేదని, ఈసారి వెనక సీట్లో కూర్చుని పోతానని చెప్పాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. అన్సార్ దిగి సైకిల్ పక్కకు తీశాడు. బస్సు సాగర్ రోడ్డెక్కింది.

ఫోను మోగింది. జైపాల్.

"అన్నా, ఖుష్ ఖబర్. తుపాను పోయింది. రాత్రికి వ్యాను తీస్తున్నం. తుక్కుగూడకు వస్తవా?"

అన్సార్ టైము చూసుకున్నాడు. బడి వదలడానికి ఇంకా సమయం ఉంది. పిండి కలపాలి.

"రాను" అన్నాడు. "ఇంట్లోళ్లందరు భీమిలి పోయిండ్రు."